పచ్చమడి పస్తున్న రోజులు

పరీక్షకు ఇంకా 21 రోజులు. ఉప్పు: 1040. రంగు: ముదురు నారుమడి.

బోర్డు వారు ఈ పుస్తకంలో రోజుకి రెండే రాయమన్నారు. ఉప్పు అంకె, గేటు తెరిచిన వేళ. రంగు గడి నేను సొంతంగా స్కేలు పెట్టి గీసుకున్నది. ఈ రోజు మాత్రం గడులు చాలవు, పక్క పేజీ కూడా వాడేస్తున్నాను, పెద్ద మనసుతో క్షమించాలి. ఎందుకంటే ఉత్తరం వచ్చింది!

మా ఆరో మెరక పచ్చమడి నీళ్ళు పరీక్షించడానికి నీటి బోర్డు నుంచి మనిషి వస్తారట. ఉప్పు అయిదువందలకు లోపుంటే మడి తూము తెరిచి, గట్టు కింద అరెకరం నారుమడికి నీళ్ళు వదలవచ్చు. మెరకకు సొంత మంచినీళ్ళున్నట్టు రాసుకుంటారు. లేకపోతే వానాకాలం దాటాక బార్జీ మీద పంపే మంచినీళ్ళు ఆపేసి, మా రెండువందల పన్నెండు ఇళ్ళనీ ఖాళీ ఉన్న వేరే మెరకలకు తలా కాసిని పంచుతారు. ఈ రెండో మాట కూడా ఉత్తరంలోనే ఉంది. దాన్ని ఒక్కసారే చదివాను. మొదటి మాట పదిసార్లు చదివాను.

ఆ మడికి పెద్ద ఎవరనుకున్నారు? పెమ్మాడి గంగాభవాని. నా కూతురు. పెళ్ళయిన పంతొమ్మిదేళ్ళకు పుట్టింది. దానికి రెండేళ్ళు నిండాక సముద్రం లోపలికి వచ్చింది. అప్పుడు దాన్ని భుజాన వేసుకునే ఈ మెరక ఎక్కాను. ఇప్పుడది ఇరవయ్యారేళ్ళ మనిషి. అంతకు ముందు ఈ మడి చూసిన ముగ్గురు పెద్దలు ఉప్పుని రెండువేల కిందకు దింపలేకపోయారు. ఇది ఏడువేల ఉప్పున్న ఏటినీళ్ళు నింపి, మూడు నెలల్లో వెయ్యికి తెచ్చింది! నేను మడి గేటు కాపరిని. తండ్రిని కాబట్టి కాదు, దరఖాస్తు పెట్టుకున్న ఏకైక మనిషిని కాబట్టి.

కొత్తగా ఈ పుస్తకం తెరిచినవారికి పని ఏమిటో చెబుతాను. మడిలో కంటికి ఆనని నాచు ఉంటుంది. భవాని భూతద్దం కింద పెట్టి చూపిస్తే పచ్చటి ఉండ్రాళ్ళలా కనిపించింది. అది ఉప్పు తింటుంది. ఉప్పుతోపాటు కుడితి కూడా తింటుంది. ఇళ్ళలో బియ్యం కడిగిన నీళ్ళు, అంట్లు తోమిన నీళ్ళు, స్నానాల నీళ్ళు, అన్నీ కుడితి బోదె అనే చిన్న కాలవలోంచి మడిలోకి వస్తాయి. మా మెరక మీద ఆ నీళ్ళని ఎవరూ మురుగు అనరు. పొద్దున్నే ప్రతి ఇంటి ఆడమనిషీ తొలి కుడితి గిన్నె తెచ్చి బోదెలో వంచి, "తాగవే తల్లీ" అని వెళుతుంది. తిని బరువెక్కిన నాచు అడుక్కి దిగుతుంది. దాన్ని జల్లెడ గుడ్డతో తోడి చాపల మీద ఆరబెడతాను. నీళ్ళు మాత్రం మిగులుతాయి.

"ముదురు నారుమడి అని రాశావు. అంటే ఏ రంగు నాన్నా?" అంది భవాని పుస్తకంలోకి తొంగి చూసి.

"నీ మడి రంగేనమ్మలూ."

"మరి నా మడి రంగేంటి?"

"నారుమడి రంగు!"

"నీ దగ్గర ఏదీ తేలదు" అని నవ్వేసింది. పాపం, అది ఏనాడూ నారుమడి చూడలేదు. ఈ మెరక చుట్టూ ఉన్నవి మడచెట్లు, ఉప్పుగడ్డి. గోంగూర, తోటకూర, చింతచిగురు, ఏ రంగు చెప్పినా దానికి పేరు తెలుసు, ఆకు తెలీదు.

పరీక్షకు ఇంకా 20 రోజులు. ఉప్పు: 1012. రంగు: అదే.

భవాని రెండో మెరకకు పడవెక్కింది. పరీక్ష ఎలా చేస్తారో, నమూనా ఎలా తీయాలో అక్కడ తొమ్మిది రోజులు నేర్పుతారట. పడవలో కూర్చున్నాక కూడా చెబుతూనే ఉంది.

"రోజుకి ముప్పై చొప్పున దిగుతుంది నాన్నా. ఇలాగే సాగితే మూడు రోజులు ముందే అయిదొందల కిందకి వచ్చేస్తాం. నువ్వేం చెయ్యక్కర్లేదు. ఏమీ మార్చొద్దు. సరేనా?"

"నేనేం మారుస్తానే, పిచ్చితల్లీ!"

నా భార్య నాగవేణి పక్కనుంచి, "మీ నాన్న చేతులు ఊరికే ఉంటాయా? తాడేసి కట్టేసి వెళ్ళు" అంది. పడవలో వాళ్ళందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఈ వారం ఎవరేమన్నా నాకు నవ్వే వస్తోంది.

పరీక్షకు ఇంకా 18 రోజులు. ఉప్పు: 950. రంగు: గోంగూర.

ఎంత మంచి ఆలోచన వచ్చిందో! బోర్డు నుంచి అంత పెద్దమనిషి వచ్చి నా కూతురి మడి గట్టున నిలబడితే ముందు కనిపించేది కుడితి బోదె. నల్లటి బురద, పైన నురగ, చేపపొలుసులు. వారు ముక్కు మూసుకుంటే భవాని ముఖం ఎలా పెట్టుకుంటుంది?

నిన్నా ఈ రోజూ పార పట్టి బోదె మొత్తం జానెడు లోతున గీకేశాను. ఆ బురద పడమటి గట్టున కుప్ప పోసి, కంటికి కనబడకుండా తాటాకులు కప్పాను. బోదె అడుగున ఏటి ఇసుక పరిచాను, ముగ్గులా తెల్లగా! తరవాత బెల్లం ముక్కలు పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి పరీక్ష సంగతి చెప్పాను. పరీక్ష అయ్యేదాకా దయచేసి ఎవరూ బోదెలో ఏమీ పోయవద్దని, వాడకం నీళ్ళు వెనకవైపు ఏటిలోకి వంచేయమని బతిమాలాను.

వలలు అల్లే పల్లాలమ్మ ఒక్కత్తే నడుం మీద చేతులు పెట్టుకుంది.

"తొలి కుడితి కూడా వద్దంటావేంటి బాబాయ్? తొమ్మిదేళ్ళ ఆనవాయితీ. నేను పొయ్యకపోతే నా చెయ్యి ఊరుకోదు."

"ఇరవై రోజులు ఊరుకోమను. పిల్లని పెళ్ళిచూపులకి కూర్చోబెట్టినప్పుడు ముఖం కడగవా ఏంటి?"

"కడుగుతాను. అన్నం కూడా పెడతాను" అంది.

మాటకారి మనిషి! కానీ బెల్లం పుచ్చుకుంది. భవాని పరీక్షంటే మా పరీక్షే అని రెండువందల పన్నెండు ఇళ్ళూ ఒప్పుకున్నాయి. ఇంత ప్రేమ నేను ఏం చేసుకోను? ఎక్కడ పెట్టుకోను?

పరీక్షకు ఇంకా 15 రోజులు. ఉప్పు: 880. రంగు: తోటకూర.

రోజుకి ముప్పై అంది, ఇరవైమూడే దిగుతోంది. మబ్బు పట్టింది కదా, అందుకే అనుకుంటున్నాను. బోదె అద్దంలా ఉంది. పొద్దున అందులో నా ముఖం చూసుకుని మీసం దువ్వుకున్నాను.

తోడాల్సిన నాచు తక్కువ దిగుతోంది, పని తేలిక. తీరిక దొరికి ఒక సంగతి గుర్తుకొచ్చింది, రాసేస్తాను. మా అమ్మ వరినాట్ల కూలి. నారుమడి గట్టున నన్ను కూర్చోబెట్టి నారు పీకేది. నాకు పద్దెనిమిదేళ్ళు వచ్చేసరికి ఆ చేలన్నీ రొయ్యల చెరువులయ్యాయి. అమ్మ నాటిన చేలోకి ఏటి ఉప్పునీళ్ళు తోడే మోటారు స్విచ్చి మొదట నొక్కిన చెయ్యి నాదే. జీతం బాగా ఇచ్చేవారు. అమ్మ ఏమీ అనలేదు, ఆ దారిన నడవడం మానేసింది. సముద్రం తరవాతెప్పుడో వచ్చింది, దాన్ని ఒక్కదాన్నే అనకూడదు. నేను పోసిన ఉప్పుని నా కూతురు తీస్తోంది. అందుకే నాకు ఇంత సంతోషం. ఇది బోర్డు వారికి అవసరమో కాదో తెలీదు.

పరీక్షకు ఇంకా 12 రోజులు. ఉప్పు: 845. రంగు: ఎరువు తగలని నారు.

రోజుకి పన్నెండు కూడా దిగడం లేదు. ఎండ బాగానే కాస్తోంది. మబ్బు వంక ఇక పనికిరాదు. మడి నీళ్ళలో చెయ్యి ముంచితే ఇదివరకు మణికట్టు కనబడేది కాదు, ఇప్పుడు గోళ్ళు కనబడుతున్నాయి. శుభ్రంగా ఉండటం మంచిదే కదా అని నాకు నేను చెప్పుకున్నాను. నాగవేణి వచ్చి చూసి, "కామెర్లొచ్చినట్టుందేంటయ్యా ఇది?" అంది. దాన్ని కసిరాను. కసిరినందుకు మధ్యాహ్నం అన్నం సయించలేదు.

పరీక్షకు ఇంకా 11 రోజులు. ఉప్పు: 850. రంగు: అదే, ఇంకా పాలిపోయింది.

ఎక్కింది. మూడు నెలల్లో మొదటిసారి అంకె పైకి వెళ్ళింది.

పడవ దిగి భవాని ఇంటికి కూడా రాకుండా మడి దగ్గరికే వచ్చింది. నా ఇసుక బోదె చూపిద్దామని నోరు తెరిచాను. అది నీళ్ళు చూసింది, ముఖం వాడిపోయింది, నా నోరు మూతబడింది. భూతద్దం ముందు కూర్చుని గంటసేపు లేవలేదు.

"పురుగు పట్టిందా అమ్మలూ?"

"పురుగు లేదు నాన్నా. ఉండ్రాళ్ళన్నీ ఉన్నాయి, పచ్చ లేదు. ఉప్పు తినట్లేదు సరికదా, తిన్నది కక్కేస్తున్నాయి. ఏదో తెగులు. కొత్తది. మందు కాగితాలు కూడా అయిపోయాయి, కుడితి బలం కొలవడానికి లేదు, వచ్చే నెల పడవకి గానీ రావు."

బోదె సంగతి నేను చెప్పలేదు. దాచాలని కాదు. తెగులుకీ బోదెకీ సంబంధం ఏముంది అనుకున్నాను. పైగా అది పరీక్ష రోజుకి చూపించాలనుకున్న వింత.

పరీక్షకు ఇంకా 10 రోజులు. ఉప్పు: 856. రంగు: కింద రాస్తాను.

పొద్దున భవాని నన్ను గట్టు మీద కూర్చోబెట్టింది. చేతిలో తూము తాళం ఉంది. ఏటివైపు తూముది.

"తెగులు ముదిరితే చిన్న మడుల్లో దాచిన విత్తు నాచుకి కూడా అంటుతుంది నాన్నా. ఈ నీళ్ళు ఏటిలోకి వదిలేసి మడి కడిగి మళ్ళీ మొదలెట్టాలి."

"మళ్ళీ మూడు నెలలా? పరీక్షో?"

"పరీక్ష పోద్ది." మాట మామూలుగానే అంది. తాళం మాత్రం ఈ చేతిలోంచి ఆ చేతిలోకి, ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మారుస్తోంది. "మెరక కూడా. పల్లాలమ్మక్క వాళ్ళు ఒక చోట, మనం ఒక చోట. సరే, వదిలేముందు ఏ రోజు మొదలైందో రాసుకోవాలి. నేను లేని రోజులవి రంగులు చదువు."

చదివాను. గోంగూర. తోటకూర. ఎరువు తగలని నారు.

"ఆఖరిది ఎలా ఉంటది నాన్నా? మామూలు నారుకీ దానికీ తేడా ఏంటి?"

"పసుపు తిరిగిపోద్దమ్మా. చివర్లు ముందు, తరవాత మొత్తం. మా అమ్మ దూరం నుంచే చూసి చెప్పేసేది, ఈ మడికి ఎవరూ పెంట తోలలేదురా, ఆకలికి మాడిపోతోంది అని..."

అక్కడ ఆగిపోయాను. నా నోట్లోంచి వచ్చిన మాట నా చెవిలోనే పడింది. ఆకలి.

మడి వంక చూశాను. నా తెల్లటి బోదె వంక చూశాను. అందులో నీళ్ళు లేవు. ఇసుక మాత్రం మెరుస్తోంది.

"అమ్మలూ, ఆ తాళం పక్కన పెట్టు. దీనికి తెగులు లేదు. నేను పస్తు పెట్టాను."

మొత్తం చెప్పాను. బోదె గీకడం, ఇసుక, బెల్లం, రెండువందల పన్నెండు ఇళ్ళు. ఎండకి మడి నీళ్ళు ఇగిరి అంకె ఎక్కడం కూడా నా పుణ్యమే, రోజూ బోదెలోంచి వచ్చే నీళ్ళు రాకపోయె.

"ఏమీ మార్చొద్దన్నాను కదా నాన్నా."

"మార్చలేదమ్మా. కడిగానంతే."

అది లేచి గట్టు చివరికి వెళ్ళిపోయింది. ఇరవయ్యారేళ్ళలో నా కూతురు నాకు వీపు చూపించి అంతసేపు నిలబడటం ఇదే మొదలు. నేను కూర్చున్నచోటే కూర్చున్నాను. తిడితే బాగుండును అనిపించింది. తిట్టలేదు. మధ్యాహ్నం ఎండ నడినెత్తికి వచ్చాక వెనక్కి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, గొంతు మాత్రం మడిపెద్ద గొంతు.

"గీకిన బురద ఎక్కడ పారేశావు? ఏటిలోనా?"

"లేదమ్మా. పడమటి గట్టున. చూడ్డానికి బాగోదని తాటాకు కప్పాను."

"కప్పేవా? ఎండలేదా అది?"

"తడిగానే ఉంది."

భవాని రెండు చేతులతో ముఖం కప్పుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది.

"తొమ్మిదేళ్ళ బలం అంతా ఆ కుప్పలో ఉంది నాన్నా! నీ సిగ్గే దాన్ని కాపాడింది. లే, తట్ట పట్టు."

బోర్డు వారికి మనవి: పై తప్పు గేటు కాపరి పెమ్మాడి లోవరాజు ఒక్కడిదే. మడిపెద్దకు తెలియకుండా చేశాను. ఉద్యోగం తీసేస్తే తీసేయండి, అంకె దాని ఖాతాలో మాత్రం రాయకండి.

పరీక్షకు ఇంకా 8 రోజులు. ఉప్పు: 850. రంగు: ఎరువు తగలని నారే, కానీ బోదె మూతి దగ్గర కాస్త పచ్చ.

బురద ఒక్కసారే కుమ్మరిస్తే మడి కుళ్ళిపోతుందట. రోజుకి నలభై తట్టలు, నీళ్ళలో కలిపి, వడకట్టి, మూడు పూటలా పొయ్యమంది. బాలింతకి పథ్యం పెట్టినట్టు. ఆ లెక్క ప్రకారమే పోస్తున్నాను, ఒక్క చెంచా ఎక్కువ తక్కువ లేకుండా.

ఇక కుడితి అడగడానికి మళ్ళీ ఇంటింటికీ వెళ్ళాలి. ఈసారి బెల్లం లేదు, తల దించుకుని వెళ్ళాను. పల్లాలమ్మ గుమ్మంలోనే ఉంది, వల సూది చెవి మీద పెట్టుకుని.

"ముందు పొయ్యొద్దన్నావు. ఇప్పుడు పొయ్యమంటున్నావు. మా కుడితికి కూడా నీ సెలవు కావాలా బాబాయ్?"

"తప్పయిపోయింది పల్లాలమ్మా. పిల్లకి అన్నం పెట్టకుండా ముఖం కడిగాను."

"ఆ మాట నేను ముందే అన్నాను."

"అన్నావు. నేను వినలేదు."

అది కాసేపు నన్ను అలాగే నిలబెట్టింది, నిలబెట్టడానికి హక్కుంది. తరవాత లోపలికి వెళ్ళి మూత వేసిన బాన ఒకటి ఈడ్చుకొచ్చింది. మూత తీస్తే పుల్లటి వాసన గుప్పుమంది. పది రోజుల బియ్యం కడుగు!

"నా చెయ్యి ఊరుకోదని చెప్పేను కదా. ఏటిలో వంచడానికి మనసొప్పలేదు. మన వరసలో పదహారు ఇళ్ళలో ఇలాంటి బానలున్నాయి, వెళ్ళి తెచ్చుకో."

నడివీధిలో ఏడ్చేశాను. సంతోషానికే. డెబ్బయ్యొక్క ఏళ్ళ మనిషిని, పుల్లటి కుడితి బాన కౌగిలించుకుని! పల్లాలమ్మ, "ఓలమ్మో, పిన్నీ, మీ ఆయన్ని పట్టుకో, బానలో పడిపోయేలా ఉన్నాడు" అని కేకేసింది.

పరీక్షకు ఇంకా 6 రోజులు. ఉప్పు: 775. రంగు: చింతచిగురు.

ఒక్కరోజులో నలభైఅయిదు దిగింది! భవాని మూడుసార్లు కొలిచింది. ఆకలి మీదున్నది మామూలుగా తినేదానికన్నా ఎక్కువ తింటుందట, ఉప్పు కూడా. మా ఇంట్లో నాకు తెలిసిన సంగతే, నాగవేణి ఉపవాసం మర్నాడు తినే తిండి చూసినవాణ్ణి. ఈ మాట పైకి అన్నాను. ఈ పూట నాకు కూర వెయ్యలేదు.

వేళ్ళ మీద లెక్కేశాం. ఆరు నలభైఅయిదులు రెండువందల డెబ్భై. ఏడువందల డెబ్భై అయిదులోంచి తీస్తే అయిదువందల అయిదు. అయిదు ఎక్కువ. అయిదే! భవాని ఆ అంకె మట్టి మీద రాసి, కాలితో చెరిపేసింది.

పరీక్షకు ఇంకా 3 రోజులు. ఉప్పు: 634. రంగు: తోటకూర.

మెరకలో అందరూ పొద్దున్నే లేవగానే మొదట అడిగేది అంకె. గట్టు మీద పలక పెట్టి రాస్తున్నాను. ఆరుగురు ముసలమ్మలు చాపలు తెచ్చుకుని మడి పక్కనే కూర్చుంటున్నారు, చూస్తూంటే త్వరగా తింటుందేమోనని. నాచు తోడటానికి పదిమంది వచ్చారు. నా ఇసుక మొత్తం ఎత్తేశాం. బోదె మళ్ళీ నల్లబడింది. ఎంత అందంగా ఉందో.

పరీక్షకు ఇంకా 1 రోజు. ఉప్పు: 558. రంగు: గోంగూర.

ఈ రోజు భవానే కుడితి ఆపించింది. ఆఖరి రోజు మడిలో ఉన్నదంతా నాచు నాకేయాలి, నీళ్ళలో కుడితి వాసన మిగలకూడదు. ఇది ఆపవలసిన రోజు, నేను ఆపిన రోజులాంటిది కాదు. ఎప్పుడు ఆపాలో తెలిసినవాళ్ళని మడిపెద్ద అంటారు, తెలియనివాళ్ళని గేటు దగ్గర పెడతారు.

రేపు పొద్దునకి అయిదువందల ఇరవై వరకు వస్తుందంది. అంతకన్నా దిగదు. నాగవేణి అంట్లు తోముతూ అంతా విని, "ఆ వచ్చేవాళ్ళు ఎన్నింటికొస్తారు?" అని అడిగింది. పదింటికని చెప్పాం. "నీళ్ళు ఏ వేళకి ముంచాలని ఉత్తరంలో ఉందా?" అంది. భవాని ఉత్తరం తీసి చదివింది. ఆ తారీఖున అని ఉంది, వేళ లేదు.

"అయితే భోజనం నేను చూసుకుంటాను" అని నాగవేణి మళ్ళీ అంట్లలో పడింది.

పరీక్ష రోజు. పొద్దున ఆరింటికి ఉప్పు: 521. రంగు: ముదురు నారుమడి.

పదింటికి పడవ వచ్చింది. దిగినావిడ రెహానా గారు, నెత్తిన తెల్ల గుడ్డ, చేతిలో మీటరు పెట్టె. బోదె పక్కగా నడిచింది. ముక్కు మూసుకోలేదు. వంగి బురద వేలితో తీసి చూసి, "బాగా మేపుతున్నారు" అంది. పారతో నేను గీకిన రెండు రోజులూ కళ్ళ ముందు తిరిగాయి.

పది గంటలకు మా మీటరు 511 చూపిస్తోంది. భవాని దాచలేదు. "ఇప్పుడు ముంచితే పదకొండు ఎక్కువ మేడం" అనేసింది. ఇది నా కూతురేనా అనిపించింది, నేనయితే చెప్పేవాణ్ణి కాను. తరవాత సిగ్గేసి ఈ పుస్తకం తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాను. "నా తప్పు 'ఇంకా 10 రోజులు' పేజీలో ఉంది, చదవండి" అన్నాను.

ఆవిడ పేజీలు తిప్పుతుంటే నాగవేణి వచ్చింది.

"ముందు భోజనం చేద్దురుగాని రండమ్మా. మా మెరకలో వచ్చినవాళ్ళు తినకుండా పనిలో దిగరు."

విస్తరాకు స్థానంలో రేకు పళ్ళెం, అందులో అన్నం, పక్కన మండపీతల పులుసు. పీతలు! నాగవేణి తెలివి అప్పుడు అర్థమైంది నాకు. ఈ భూమ్మీద పీతని తొందరగా తినగల మనిషి పుట్టలేదు. డెక్క విరగ్గొట్టాలి, పీల్చాలి, గుల్లలోంచి వేలితో తియ్యాలి. తీరిగ్గా తింటే ఒక్కో పీతకి గంట. నాగవేణి గిన్నె నిండా పన్నెండు పీతలు పెట్టుకుని పక్కన కూర్చుంది.

రెహానా గారు ఎడం చేత్తో పుస్తకం పట్టుకుని, కుడి చేత్తో పీత తింటూ చదివింది. ఒకచోట నవ్వింది. ఒకచోట పీత చేతిలోనే ఆగిపోయింది, అది మా అమ్మ పేజీ అని కాగితం మీద ఆవిడ వేలు చూసి తెలుసుకున్నాను. తల ఎత్తి ఎండ వంక చూసింది. మడి వంక చూసింది. మడి నీళ్ళలోంచి చిన్న చిన్న బుడగలు లేస్తున్నాయి, నాచు తింటూ ఊపిరి వదిలినప్పుడు అలాగే లేస్తాయి.

"ఎండ బాగుంది" అంది ఆవిడ.

"బాగుందండీ" అన్నాం అందరం.

"ఇంకో పీత వెయ్యండి."

అయిదు పీతలు తింది! ఆఖరిదాని కాళ్ళ కొసలు కూడా వదల్లేదు. నాలుగింటికి చెయ్యి కడుక్కోవడానికి లేచింది. పల్లాలమ్మ పరుగున వెళ్ళి ఆ నీళ్ళు గిన్నెలో పట్టింది. "ఇది రేపటికి" అంది.

సాయంత్రం నాలుగుంపావు. రెహానా గారు సొంత చేత్తో మడి మధ్యనుంచి నీళ్ళు ముంచి, సొంత మీటరు పెట్టారు. మెరక మొత్తం గట్టు మీదుంది. ఆవిడ అంకె చదవలేదు, మీటరు భవాని చేతికిచ్చారు. భవాని చదవలేక నా చేతికిచ్చింది. నేను కళ్ళజోడు తేవడం మరిచిపోయాను. పల్లాలమ్మ లాక్కుని కేకపెట్టింది.

"నాలుగొందల తొంభయ్యారూ!"

ఆ తరవాత కాసేపు ఏం జరిగిందో నాకు సరిగా గుర్తులేదు. నన్ను ఎవరో ఎత్తారు. పడవ ఎక్కుతూ రెహానా గారు పుస్తకం తిరిగి ఇచ్చారు. రంగు గడి మీద అడ్డంగా ఎర్ర సిరాతో ఒక ముక్క రాసి ఉంది: "అన్ని మెరకల పుస్తకాల్లోనూ ఈ గడి పెట్టాలి. గేటు కాపరిని మార్చవద్దు."

తూము తెరిచి తొమ్మిదో రోజు.

బార్జీలో వచ్చిన వడ్లు నానబెట్టి, గోనెలో కట్టి, మొలక రాగానే మా అమ్మ చల్లినట్టే చల్లాను. చెయ్యి మరిచిపోలేదు. ఈ రోజు పొద్దున భవాని నన్ను చెయ్యి పట్టి గట్టు కిందకి తీసుకెళ్ళింది. నారు వేలెడు లేచింది. గాలికి మొత్తం ఒకేసారి అటు వంగి ఇటు లేస్తోంది.

అది గొంతుక్కూర్చుని ఒక ఆకుని మునివేళ్ళతో పట్టుకుంది. తరవాత తల తిప్పి పైన మడి వంక చూసింది, మళ్ళీ నారు వంక చూసింది.

"ఓ, నాన్నా, ఇదా నువ్వు రాసేది?"

"ఇదేనమ్మలూ."

పుస్తకం దాని చేతికిచ్చాను. ఈ రోజు రంగు గడి అది నింపింది.

ఉప్పు: 488. రంగు: మా నారుమడి.